గునుగుపూల క్రిస్మస్ చెట్టు

మొన్న ఎల్బీ నగర్ తెలంగాణ దీక్షా శిబిరంలో, బతుకమ్మ ఆడగా మిగిలిన ఎండు గునుగుపూల కట్ట కనబడింది. క్రిస్మస్ చెట్టుకు కడతానని తీసుకుంటే, ఉద్యమ తమ్ముడొకడు, "గది మన తెలంగాణ పండుగ కాదు గదన్నా" అన్నాడు.

దిల్‌సుఖ్‌నగర్ దోస్తులారా, మా అమ్మ చెట్టు గుర్తుందా? పక్కింటి అత్తమ్మ బతుకమ్మకని రంగులద్దితే మిగిలిన గునుగుపూలను అమ్మ దాచిపెట్టి, సరుగుడు కొమ్మకు దారంతో కట్టేది. ఆ గులాబీ రంగు మన వేళ్లకంతా అంటేది. ఓసారి పాస్టరుగారు చూసి, "బతుకమ్మ పూలేందమ్మా, తీసెయ్" అన్నారు.

"మన చేన్ల, చెల్కల పూసేటివి గివే అయ్యగారూ. నేను తియ్య" అంది అమ్మ.

తమ్ముడూ, తెలంగాణ పండుగల జాబితా రాసే హక్కు నీకెవరిచ్చారు? రేపు ఆ గునుగుపూలు కట్టిన చెట్టును శిబిరం ముందే పెడుతున్నాను. నేనూ తియ్య.