నోటితో ఊదిన నాజిల్

ఆ పొద్దున కేతేపల్లి దగ్గర మా పత్తి చెలకలో ఉన్నది ముగ్గురం: బాపు, బాపును కన్న అవ్వ, నేను. గట్టు మీద ఉన్నవి: వీపున మోసే పంపు, గడ్డి మందు డబ్బా, రెండు బిందెల నీళ్లు, సబ్బు, నేను కొనుక్కొచ్చినా ఎవరూ కవరు విప్పని చేతితొడుగులు.

రెండో సాలు మధ్యలో మందు ధార ఆగిపోయింది. బాపు నాజిల్ విప్పి నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు. నలుసు చిక్కితే మా ఊళ్లో అందరూ చేసేదే. వెంటనే మొహం చిట్లించి ఉమ్మాడు.

"జర చేదున్నది, గంతే."

నేను లేబులు చదివి ఉన్నాను. ఆ మందు లోపలికి పోతే విరుగుడు లేదు. మొదట బాగానే ఉన్నట్టుంటుంది. కిడ్నీలు, ఊపిరితిత్తుల సంగతి తర్వాత బయటపడుతుంది.

"పుక్కిలించు బాపూ. అంగీ ఇప్పు, దానిమీద గూడ పడ్డది."

"పంపుల ఇంక సగం మందున్నదిరా."

"నోట్లె పడ్డది మందురా కొడకా, మజ్జిగ గాదు," అని అవ్వ కసిరింది. "పిలగాడు చెప్పేది ఇను."

సబ్బుతో ఒళ్లు కడిగించి, డబ్బాను కవర్లో చుట్టి, బాపును బండెక్కించాను. దవాఖానలో డాక్టరు ముందు డబ్బా అడిగి లేబులు చూశాడు. ఎంత మింగాడో తెలియదు కనుక ఇవాళ్టి రక్తపరీక్ష ఒక్కటే చాలదని, కొన్ని రోజులు అక్కడే ఉంచి మళ్లీ మళ్లీ చేయాలన్నాడు. క్రియాటినిన్ 1.3 దాటితే కిడ్నీలకు తగిలినట్టేనట. మూత్రం కొలుస్తూ ఉండమన్నాడు.

కూర్చోలేకపోయాను. వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూ ఇకమీద మందు కొట్టేటప్పుడు మరవకూడనివే మనసులో లెక్కపెట్టుకున్నాను: జేబులో ఇంకో నాజిల్, నాజిల్ లోపలి జాలి తోమడానికి పాత పళ్ల బ్రష్, కడుక్కోవడానికి విడిగా ఒక బిందె నీళ్లు, గాలికి ఎదురు కొట్టకూడదు. మళ్లీ మొదటి నుంచి. మధ్యలో వెళ్లి బాపు నాలుక చూసేవాడిని. అంచున పుండు లేచింది. అది పెరుగుతోందా, నా కళ్లకే అలా ఉందా?

"బర్రె పాలు కొలిచినట్టు నా ఉచ్చ కొలుస్తున్నవు," అన్నాడు బాపు. "నువ్వు ఇంజినీరువా, పాలకేంద్రమోనివా?"

నాకు నవ్వు రాలేదు. సీసా గీతకు కన్ను ఆనించి చూశాను. నిన్నటికంటే తక్కువ. నీళ్లు తక్కువ తాగినవా అంటే "ఏమో" అన్నాడు.

చివరి పరీక్ష కాగితం కోసం ల్యాబు కిటికీ దగ్గర అందరికంటే ముందు నిలబడ్డాను. పేరు, వయసు దాటి కిందికి చూశాను.

క్రియాటినిన్: 0.9.