చదవకుండా పెట్టిన సంతకం

మా లెక్కల మాస్టారికి వైస్ ఛాన్సలర్ పదవి వచ్చిన తీరు పగవాడికి కూడా రాకూడదు. అప్పటిదాకా ఆ కుర్చీలో ఉన్నది ఆయన ప్రాణస్నేహితుడు. ఒక మంగళవారం సమావేశంలో మాట్లాడుతూ మాట్లాడుతూనే బల్ల మీదికి ఒరిగిపోయాడు, మళ్ళీ లేవలేదు. వారం తిరక్కుండానే మాస్టారికి ఫోనొచ్చింది. అందరిలోకీ సీనియర్ మీరే, రేపే బాధ్యతలు తీసుకోండి అన్నారు. ఆయన వద్దన్నారు. భార్యా వద్దంది. వద్దు వద్దంటూనే ఆవిడ చొక్కా ఇస్త్రీ చేసింది, ఈయన తొడుక్కున్నారు.

మేమంతా ఆయన్ని మెల్లిగా మాస్టారు అనేవాళ్ళం. క్లాసులో ఎవరైనా గబగబా జవాబు చెప్పేస్తే, "మెల్లిగా నాయనా, లెక్క ఎక్కడికీ పారిపోదు" అని ప్రతి మెట్టూ మళ్ళీ చదివించేవారు.

మొదటిరోజు బల్ల సొరుగు లాగితే స్నేహితుడి కళ్ళజోడు కనపడింది. అలాగే మూసేశారు. వారం కిందట శవం పక్కన నిలబడ్డవాళ్ళే ఇప్పుడు పూలగుత్తులతో వరస కట్టారు. ఆయనకి తలెత్తి చూడబుద్ధి కాలేదు. ఇంతలో రిజిస్ట్రారు ఫైళ్ళ కట్ట తెచ్చి, ఆగిపోయిన మామూలు పనులేనని చెప్పి, సంతకం పెట్టాల్సిన చోటల్లా పసుపు చీటీలు అంటించి ముందు పెట్టాడు. తల దించుకుని ఉండటానికి ఒక సాకు దొరికినట్టయింది. నలభై దాకా సంతకాలు చేశారు. ఒక్కటీ చదవలేదు.

నాలుగోరోజు పొద్దున భార్య ఆఫీసుకి ఫోన్ చేసింది. వదిన గుమ్మంలో అట్టపెట్టెలు కనిపిస్తున్నాయి, ఏమిటో కనుక్కోమంది. వదిన అంటే పోయినాయన భార్య. అప్పటికింకా క్యాంపస్‌లోని వీసీ బంగళాలోనే ఉంది.

మాస్టారు నడిచి వెళ్ళారు. ఆవిడ నేలమీద కూర్చుని గాజుగ్లాసులు పాత పేపర్లలో చుడుతోంది. ఎక్కడికమ్మా అని అడిగితే, లేచి వెళ్ళి ఒక కాగితం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. పదిహేను రోజుల్లో బంగళా ఖాళీ చెయ్యాలని నోటీసు. కింద ఆయన సంతకమే.

"నేనిది చదవలేదమ్మా" అన్నారు.

"తెలుసన్నయ్యా. సంతకం చూడగానే గుర్తుపట్టాను. మా పెళ్ళికి సాక్షి సంతకం పెట్టింది మీరే కదా. ఆ రోజు రిజిస్టరంతా రెండుసార్లు చదివి, మా ఇంటిపేరులో తప్పు కూడా పట్టుకున్నారు."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే తేలిగ్గా ఉండేదేమో అన్నారు ఆయన, చాలాకాలం తర్వాత నాతో.

తిరిగొచ్చి రిజిస్ట్రార్‌ని పిలిచారు. రూల్ ప్రకారమే పంపామని అతను నసిగాడు. జీవితంలో మొదటిసారి మాస్టారు గొంతు పెంచారట. గంటలో ఆర్నెల్ల గడువు ఇస్తూ ఇంకో ఆర్డరు తయారైంది. దాన్ని ముమ్మారు చదివి, సంతకం చేసి, తనే పట్టుకెళ్ళారు.

ఆవిడ చదివి, మడిచి తిరిగి ఇచ్చేసింది. "ఎప్పటికైనా వెళ్ళాల్సిందే కదన్నయ్యా. ఆయన బట్టలన్నీ మడతపెట్టి పెట్టెల్లో పెట్టేశాను. మళ్ళీ తీసి బీరువాలో సర్దే ఓపిక నాకు లేదు."

ఇక బతిమాలలేకపోయారు. శనివారం ఆయనా భార్యా వెళ్ళి పుస్తకాలు కట్టలు కట్టారు. తలుపు వెనక ఏడు గొడుగులు దొరికాయి. వాటిల్లో కొన్నది ఒక్కటీ లేదు, అన్నీ పోయినాయన అరువు తెచ్చి ఇవ్వడం మర్చిపోయినవే. ఆ ఒక్కసారీ ముగ్గురూ నవ్వారు, నవ్వుతూనే ఆవిడ ఏడ్చేసింది. ఆదివారం చెల్లెలి ఊరికి వెళ్ళిపోయింది.

మాస్టారు మూడేళ్ళు పదవిలో ఉన్నారు. బంగళాలోకి మాత్రం మారలేదు, పాత క్వార్టర్లోనే ఉండి ఆఫీసుకి నడిచొచ్చేవారు. ఎంత నిరాడంబరుడో అని జనం మెచ్చుకుంటే మాట మార్చేసేవారు. ప్రతి కాగితం అక్షరం అక్షరం చదివేవారు. ఆయన బల్ల మీద ఫైలు ముగ్గిపోతోందని, ఆయన దగ్గర చదువుకుని అదే యూనివర్సిటీలో ఉద్యోగాల్లో చేరిన మేమే విసుక్కునేవాళ్ళం.

ఆవిడ నెలకోసారి ఆయన భార్యకి ఫోన్ చేసేది. చివర్లో "అన్నయ్యగారు కులాసానా" అని అడిగేది. ఆ 'గారు' కొత్తది. పక్కనే కూర్చుని వినేవారు ఈయన.

రిటైరయ్యాక భార్యతో కలిసి ఒకసారి వెళ్ళారు. ఆవిడ కడుపునిండా అన్నం పెట్టింది, పిల్లల కబుర్లు చెప్పింది, బస్టాండు దాకా వచ్చి ఎక్కించింది. క్షమించమని అడుగుదామనే వెళ్ళారట. మళ్ళీ వచ్చినప్పుడు అడగొచ్చులే అనుకుని బస్సెక్కారు.

మరుసటి ఏడే ఆవిడ పోయింది.