అక్క నడుము, అందరి వైద్యం

బావకు హన్మకొండ చౌరస్తాలో కిరాణా దుకాణం. ఓరోజు బియ్యం బస్తా జరపబోయి అక్క నడుము పట్టుకుని కూర్చుండిపోయింది. ఆ తర్వాత ఏళ్లు గడిచినా నొప్పి పోలేదు. మొదట్లో చుట్టాలు పనిగట్టుకుని వచ్చి పరామర్శించారు. తర్వాత్తర్వాత "నడుమెట్లుంది?" అని అడిగి, జవాబు వినకుండానే చాయ్ తాగి వెళ్లేవాళ్లు.

వైద్యానికి కొదవలేదు. పక్కింటామె వావిలాకు కాపడం చెప్పింది. బావ ఫోన్‌లో చూసి నడుముకు బెల్టు తెప్పించాడు. అది అక్కకు పెద్దదైంది. పారేయడం ఎందుకని ఆయనే పెట్టుకుని తిరిగాడు.

క్రమంగా అక్క మాటలు తగ్గించింది. పెళ్లిళ్లకు రాకపోతే పొగరన్నారు. ఊరికే ఏడుస్తుంటే, "సీరియళ్లు ఎక్కువ చూస్తాంది" అన్నాడు బావ. ఆ ఇంట్లో సీరియళ్లు చూసేది ఆయనే.

తర్వాత మరుపు మొదలైంది. ఓ పూట పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. అన్నేళ్ల నొప్పికీ ఏడుపుకీ కదలని బావకు అప్పుడు ఫికర్ పట్టుకుంది. మర్నాడే దవాఖానకు బయల్దేరదీశాడు. నేనూ వెంట వెళ్లాను.

డాక్టరమ్మది చిన్న వయసు. జ్ఞాపకశక్తి చూడాలని, "మీ ఆయన పేరు చెప్పండమ్మా" అంది.

అక్క తల దించుకుంది. బావ మొహం పాలిపోయింది.

"సూసిండ్రా డాక్టరమ్మా, నా పేరే మర్సిపోయింది!"

"మర్సిపోలే," అంది అక్క. "పెండ్లయినకాడి నుంచి నీ పేరు ఎన్నడన్న నోట్లకెల్లి తీసిన్నా? గిప్పుడు గీమె ముంగట తియ్యాల్నా?"

డాక్టరమ్మ నవ్వాపుకుంది. "సరే, పొద్దున ఏం తిన్నారు?"

అక్క ఆలోచించింది. నా వైపు చూసింది. "యాదికొస్తలేదు బిడ్డా."

ఎవరికీ నవ్వు రాలేదు.

"నిద్ర పడుతోందా?"

"నడుము పండనిస్తే గద!"

ఇన్ని వైద్యాలు చెప్పినవాళ్లలో ఆ మాట అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

"ఏళ్లతరబడి నొప్పి ఉంటే నిద్ర చెడుతుంది, మనసు కుంగుతుంది. వాటివల్ల మతిమరుపూ రావచ్చు. అన్నిటికీ కలిపి మందులు ఇద్దాం. కొన్నాళ్లయ్యాక మళ్లీ పరీక్ష చేద్దాం," అంది డాక్టరమ్మ.

బావకు తృప్తి కలగలేదు. "జర ఒక్కటే చెప్పుండ్రి. రోగం నడుముదా, తలకాయదా?"

"రెండూ ఆమెవే కదండీ."

మందులు పడ్డాయి. వ్యాయామం నేర్పారు. వారం వారం దవాఖానలో కూర్చోబెట్టి మనసులోది మాట్లాడించారు. కొన్ని నెలలకు నిద్ర కుదిరింది. నొప్పి పూర్తిగా పోలేదు గానీ, అక్కకు లేచి తిరగాలన్న ఆశ పుట్టింది. మరుపు కొంత తగ్గింది, కొంత ఉండిపోయింది.

మొన్న పొద్దున వాళ్లిద్దరితో నేనూ నడకకు వెళ్లాను. బావ సగం దూరంలోనే బెంచీ మీద కూలబడ్డాడు. అక్క ఆగలేదు. మాట్లాడుతూనే నడిచింది. మధ్యలో ఒక మాట దొరక్క తడుముకుంది. నేను అందించబోయాను.

"ఉండవే, నేనే చెప్త."

ఆగాను. ఆ మాట దొరకలేదు. వేరే మాట వేసుకుని చెప్పాల్సింది చెప్పేసింది.