లాకు రాయి మీద తాడు గాట్లు

ఓబయ్య ముప్పైనాలుగేళ్లు కె.సి. కెనాల్ మీద లస్కరుగా పనిచేశాడు. తూము తలుపులు ఎత్తడం, దించడం, గట్టు చూసుకోవడం. నంద్యాల దాటాక, ఒకప్పుడు పడవలను దాటించిన పాత లాకు ఒకటి ఉండేది. ఏటా వేసవిలో కాలువ ఎండినప్పుడు ఆ లాకు గోడ మీద ఒక రాయి దగ్గర కూర్చునేవాడు. ఆ రాతి అంచున ఏడు గాట్లు. ఒక్కొక్కదాంట్లో బొటనవేలు మునుగుతుంది.

వెనకటికి ఈ కాలువలో పడవలు నడిచాయి. ధాన్యం, పత్తి నింపిన పడవలను మనుషులు గట్టున నడుస్తూ తాళ్లతో లాగారు. ఆ తాళ్లు ఒరుసుకున్న చోటు అది. లాగినవాళ్ల పేర్లు ఏ కాగితంలోనూ అతనికి దొరకలేదు.

ఈ సంవత్సరం ఆ లాకును పడగొట్టి కాంక్రీటు కడుతున్నారు. మిగతా రాళ్లు కంకరైపోయాయి. రిటైరైన ఓబయ్య కాంట్రాక్టరును బతిమాలి ఆ ఒక్క రాయిని ట్రాక్టరులో ఆళ్లగడ్డకు తెచ్చాడు, విగ్రహాలు చెక్కే సురేష్ ఆచారి దగ్గరికి.

"ఏం బొమ్మ కావాలన్నా?"

"పడవ లాగే మనిషి. గట్టు మీద నిలబెడతా."

"మొగం ఎట్లుండాల?"

"నేను యాడ చూసినానప్పా?"

"దేవున్ని మాత్రం మేం చూసినామా? చెక్కుతాండాం కదా!" సురేష్ నవ్వి మిషను చేతికి తీసుకున్నాడు. "ముందు రాయి చదును చెయ్యాల. ఈ గాట్లు పోతాయి."

ఆ సంగతి ఓబయ్యకు అంతవరకూ తోచలేదు.

"పోతే ఎట్ల?"

"రెండూ రావన్నా, రాయికి అంత మందం లేదు. కావాలంటే గాట్లు మళ్లా నేనే పెడతా. గంట పని."

అంటూనే ఒక గాటును వేలితో ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమాడు. మళ్లీ తడిమాడు. ఉలి తగిలిన చోట గరుకు తెలుస్తుంది. ఇక్కడ తెలియలేదు. అరిగిన రుబ్బురోలు లోపలిలా నునుపు.

"ఏం తాడు?"

"జనుము తాడంటారు."

"నా ఉలికే మొన పోతాది దీని మీద." సురేష్ మిషను కింద పెట్టాడు. "చెక్కమంటే చెక్కుతా. నువ్వు చెప్పు."

ఓబయ్య మనసులో ఏళ్లుగా ఒక మొగం ఉంది. ఎవరిదో తెలియదు. చచ్చేలోపు దాన్ని రాతిలో చూడాలని ఆశ. వంగి ఒక గాటులో బొటనవేలు పెట్టాడు.

"వద్దప్పా. తెచ్చింది తెచ్చినట్లే ట్రాక్టరెక్కియ్యి. గట్టు మీద ఇట్లే నిలబెడతా."

విగ్రహాలు అడ్డం ఉండి ట్రాక్టరు కొట్టం లోపలికి రాదు. దుంగల మీద రాయిని బయటి దాకా లాగాలి.

"దించేదీ మేమే, ఎక్కించేదీ మేమే. బొమ్మ రాలేదు గానీ మా నడుములు పోతాండాయి" అన్నాడు ఒక పనివాడు. అందరూ నవ్వారు.

తాడు చుట్టి బిగించగానే అది అంచు మీద జరిగి, ఒక గాటులోకి దిగి కూర్చుంది. ఎవరూ దాన్ని అందులో పెట్టలేదు.

ఆరుగురు పనివాళ్లు తాడు భుజాన వేసుకుని వంగారు. రాయి కదల్లేదు. ఇంకా వంగారు. తలలు మోకాళ్ల దాకా దిగాయి. అప్పుడు కదిలింది.

ఓబయ్య వెనక నిలబడి చూశాడు. ఆరు వీపులు. ఒక్క మొగమూ కనపడలేదు.

చెప్పులు విడిచి వెళ్లి తాడు పట్టుకున్నాడు.

"నీకెందుకన్నా, ఈ వయసులో?" అన్నాడు సురేష్.

ఓబయ్య అప్పటికే వంగాడు.