ఆయన చేతి బిళ్ళ

"ఒలే, బిళ్ళ ఏసుకున్నావేటి?"

"ఏసుకున్నాను గానీ, నీ టీ సల్లారిపోతంది. ముందు తాగు."

మేమిద్దరం చివరిసారి అనుకున్న మాటలు ఇవే. ఆయన గ్లాసు అందుకుని వరండాలో కూర్చున్నాడు. పప్పు పొంగుతోందని నేను లోపలికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి గ్లాసు ఖాళీగా ఉంది, ఆయన గోడకు ఆనుకుని ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. గుండె ఆగిపోయిందన్నారు.

పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళందరూ ఒకటే అడిగారు. పోయే ముందు ఏమన్నాడు, దేవుణ్ణి తలుచుకున్నాడా, పిల్లల్ని అడిగాడా అని. బిళ్ళ వేసుకున్నావా అని అడిగాడమ్మా అంటే వాళ్ళ ముఖాలు చిన్నబోయేవి. ఇంకేదో అనే ఉంటాడు, నీకు వినపడలేదేమో అంది ఒకామె. నాకు బాగానే వినపడింది. ఆ మాట చాలు నాకు. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన అడగడం వరకే చేసేవాడు గానీ, అంతకు ముందు ఏళ్ళ తరబడి ఆ బిళ్ళ ఆయన చేత్తోనే నా నోట్లో పడింది.

ఇదంతా నా మనసులోనే ఉంచుకునేదాన్ని. పెద్దకర్మ భోజనాల దగ్గర, నా వెనక వరసలో ఎవరో అన్నారు: "ఆ మడిసే గదేటి ఒకప్పుడు ఈవిడికి బిళ్ళలు మింగించి మింగించి సంపీబోయినాడు." ఎవరన్నదీ నేను చూడలేదు. ఆ మాటలో సగం నిజం ఉంది. ఆయన లేడు కాబట్టి ఇక ఆ సగమే జనం నోట్లో మిగిలిపోతుందని నాకు భయం పట్టుకుంది. అందుకే మా ఆడపడుచుని, ఆయన చెల్లెల్ని, కూర్చోబెట్టి ఇది రాయిస్తున్నాను. నాకు చదువు లేదు, సంతకం వరకే వచ్చు. గొంతు చూస్తే ఇలా బొంగురు. ఓపిగ్గా విని రాస్తోంది, దాని ఋణం ఎలా తీర్చుకోవాలో.

అప్పటికి మేము ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్లో ఉన్నాం. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నాకు ఒళ్ళంతా ఎముకల నొప్పులు మొదలయ్యాయి. కాళ్ళు, నడుము, పక్కటెముకలు. పీట మీంచి లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. పక్క క్వార్టర్లో ఒక బెంగాలీ పెద్దావిడ ఉండేది, కాకీమా అని, అంటే పిన్ని అని, పిలిచేవాళ్ళం. తన మోకాళ్ళకు కాల్షియం బిళ్ళలతో నొప్పి తగ్గిందని, నన్నూ వేసుకోమంది. మంచి మనసుతో చెప్పింది. ఆవిడకు తగ్గిందన్నదీ నిజమే. ఆ సాయంత్రమే ఆయన డ్యూటీ నుంచి వస్తూ గోల్‌బజార్‌లో పెద్ద సీసా కొనుక్కొచ్చాడు.

ఇంటి పనుల్లో ఏదీ ఆయన పట్టించుకునేవాడు కాదు. ఇది మాత్రం తన పని చేసుకున్నాడు. పొద్దున్నే వర్క్‌షాపు సైరన్ కూసేలోపు, ఒక చేతిలో టిఫిన్ క్యారియరు, ఇంకో అరచేతిలో బిళ్ళ పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడేవాడు.

"నోరు తెరు."

"నానేటి సంటిపిల్లనేటి?"

"సంటిపిల్లవైతే సెప్పిన మాట ఇందువు. నోరు తెరు, సైరనైపోతంది."

మింగేదాకా కదిలేవాడు కాదు. నాకు సిగ్గుగా ఉండేది, బాగుండేది కూడా. పెళ్ళయిన కొత్తలో కూడా ఆయన నాకు ఏదీ తినిపించలేదు. సాయంత్రం వచ్చాక చోడిపిండితో, అదే రాగిపిండితో, అంబలి తనే కాచేవాడు. ఎముకలకు చోళ్ళను మించినది లేదని, పిండి మా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేవాళ్ళ చేత తెప్పించేవాడు. పైన ఒక గ్లాసు పాలు.

నొప్పులు తగ్గలేదు. తగ్గలేదు కాబట్టి ఒక బిళ్ళ రెండయింది. మందుల షాపతను పాలలో కలుపుకునే పొడి కూడా ఇచ్చాడు, అది ఎముకలకు కాల్షియాన్ని పట్టిస్తుందట. దాహం మొదలైంది. బిందె దగ్గరకు ఎన్నిసార్లు వెళ్ళేదాన్నో, బాత్రూముకు అన్నిసార్లు. విరోచనం బిగుసుకుపోయింది. అన్నం వాసనకే కడుపులో తిప్పేది. కారణం లేకుండా ఏడుపు వచ్చేది. వయసు మళ్ళే ఆడవాళ్ళకు ఇవన్నీ మామూలే అనుకున్నాం. ఇవన్నీ పోవాలంటే ఒంట్లో బలం రావాలి, బలం రావాలంటే బిళ్ళ వేసుకోవాలి. ఆయన లెక్క అది. నా లెక్కా అదే.

తర్వాత బుర్ర తప్పడం మొదలైంది. ఉప్పు వేశానో లేదో గుర్తుండేది కాదు. పెద్దమ్మాయిని పిలవబోయి నోరు తెరిచి అలాగే నిలబడిపోయేదాన్ని. నా తెలివి నన్ను వదిలి వెళ్ళిపోతోందని నాకు తెలుస్తూనే ఉండేది, అది ఎవరికైనా చెప్పుకుందామంటే మాట దొరికేది కాదు. అంతకంటే భయం నేను ఎప్పుడూ ఎరగను.

ఒకరోజు చేపలు తెచ్చే బెంగాలీ ఆమెతో తెలుగులో బేరమాడి, ఆమె తెల్లబోయి చూస్తే కోప్పడ్డాను. కాకీమా వచ్చి సర్దిచెప్పి పంపింది. ఇంట్లోకి వచ్చి, మంచం మీద ఉన్న ఆయన్ని బెంగాలీలో "కతో కోరే?" అని అడిగాను. కిలో ఎంత అని.

ఆయన వేళాకోళం అనుకున్నాడు. "నన్నే అమ్మకానికెట్టినావేటే?" అని నవ్వాడు.

నేను నవ్వలేదు. మళ్ళీ "కతో కోరే?" అన్నాను. ఇది తర్వాత ఆయన చెప్తే తెలిసింది, నాకు గుర్తు లేదు. ఆయన ఇంకేమీ మాట్లాడకుండా రిక్షా పిలుచుకొచ్చాడట.

రైల్వే ఆస్పత్రిలో డాక్టరమ్మ మా పెద్దమ్మాయి వయసుది. బెంగాలీ పిల్ల. రక్తం తీయించింది, కాగితం చూసింది, మళ్ళీ తీయించింది. అప్పుడు నన్ను కాదు, ఆయన్ని అడిగింది: "మాషీ ఆర్ కీ ఖాన్?" పిన్నిగారు ఇంకేం తీసుకుంటారు అని. ఆయన సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాడు. రోజూ తప్పకుండా, దగ్గరుండి నేనే వేస్తాను మేడమ్ అన్నాడు. మెచ్చుకుంటుందనుకున్నాడు పాపం.

ఆవిడ అరవలేదు, కసరలేదు. ఆ ఒక్క గుణానికే నేను ఆవిడకు రోజూ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. సీసా మూత బిగించి తన వైపు పెట్టుకుని, మెల్లిగా చెప్పింది. మెడలో బియ్యపు గింజలంత గ్రంథులు నాలుగుంటాయట. ఒంటికి ఎంత కాల్షియం కావాలో అంత ఎముకల నుంచి రక్తంలోకి వదిలించడం వాటి పని. నాకు వాటిలో ఒకటి వాచి, ఆపూ అదుపూ లేకుండా వదిలించేస్తోంది. అందుకే ఎముకలు గుల్లబారి నొప్పులు. ఎముకల్లో లేదు గానీ, రక్తంలో మాత్రం నిండి పొర్లుతోంది. దాని మీద మేము బిళ్ళలు, పొడి, పాలు పోస్తున్నాం. పక్కింటావిడకు మందైనది నాకు విషమైంది.

ఆయన తెలుగులో తనలో తాను అనుకున్నట్టు అన్నాడు: "వాల్వు మూసుకోట్లేదన్నమాట. నానేమో పైనుంచి నీళ్ళు పోస్తన్నాను."

ఆస్పత్రిలో పడుకోబెట్టి సెలైన్ మీద సెలైన్ ఎక్కించారు. తెలివి మెల్లిగా తిరిగి వచ్చింది. మా ఆడపడుచు ఊళ్ళోనే సుభాష్‌పల్లి నుంచి రోజూ వచ్చి నా ఒళ్ళు తుడిచేది, తల దువ్వేది. నాకు పూర్తిగా తెలివి వచ్చిన రోజు, మంచం పక్కనే నిలబడి వాళ్ళన్నతో అంది: "బాగా డ్యూటీ సేసినావన్నా. సైరను టైముకి ఒక్క రోజు నాగా ఎట్టకుండా, నీ సేత్తో నువ్వే ఇసం ఎట్టినావు."

ఇక్కడ కలం ఆగింది.

"వదినా, ఇది కూడా రాయాలేటి? నాను కోపంలో అన్నాను."

"కోపంలో అన్నావనీ రాయి అమ్మీ. నామీద పేమతో వచ్చిన కోపమనీ రాయి."

రాసింది. ఇంటికి వచ్చాక ఆయన ఇంట్లో మిగిలిన బిళ్ళలు, పొడి అన్నీ మురిక్కాలవలో పోసేశాడు. ఆ తర్వాత ఆయన నాకు చేతికి ఏదీ ఇవ్వడం మానేశాడు. టీ కాస్తే గ్లాసు స్టూలు మీద పెట్టి పక్కకు వెళ్ళేవాడు. మంచినీళ్ళు అడిగినా అంతే. అంబలి గిన్నె మళ్ళీ పొయ్యి ఎక్కలేదు. ఇదేంటి మావా అంటే, "నా సెయ్యి మంచిది కాదే" అనేవాడు. ఒంట్లో నొప్పి కంటే అది ఎక్కువ బాధ పెట్టింది నన్ను. మనిషి ఎదురుగానే ఉండి దూరమైపోయాడు.

కలకత్తాలో ఆపరేషన్ చేసి వాచిన గ్రంథిని తీసేశారు. ప్రాణం దక్కింది, గొంతు మాత్రం ఇలా బొంగురుపోయింది. పంపించేటప్పుడు అక్కడి డాక్టరు ఆయనకు మళ్ళీ కాల్షియం బిళ్ళలే ఇచ్చాడు. ఇన్నాళ్ళూ ఖాళీ అయిన ఎముకలు ఇప్పుడు ఆకలి మీద ఉన్నాయి, రక్తంలో ఉన్నదంతా లాగేసుకుంటాయి, ఇవి తప్పకుండా వేయండి అన్నాడట. ఆయన తల ఊపాడు. కానీ ఆ పేరు వినేసరికి ఆయన గుండె జారిపోయింది. ఖరగ్‌పూర్ చేరాక బిళ్ళలు బీరువా మీద పెట్టి, మన డాక్టరమ్మ సెలవు నుంచి వచ్చాక అడిగి వేద్దాంలే అనుకున్నాడు. నాకు చెప్పలేదు.

మర్నాటికి పెదాల చుట్టూ చీమలు పాకినట్టయింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఆ తర్వాతి రోజు పొద్దున్న తోటకూర బాగు చేస్తుంటే చేతివేళ్ళన్నీ దగ్గరకు ముడుచుకుపోయి, కోడి ముక్కులా బిగుసుకున్నాయి. విప్పుదామంటే రావు. రెండో చెయ్యీ అంతే. ఆయన కొబ్బరినూనె తెచ్చి రుద్దాడు. లాభం లేకపోయింది. నన్ను చూడ్డానికి వచ్చిన మా ఆడపడుచు ఆ చేతులు చూసి డాక్టరమ్మకు ఫోన్ చేసింది. కలకత్తాలో బిళ్ళలు ఇవ్వలేదా అని ఆవిడ అటునుంచి అరిచింది, ఇవతలికి నాకూ వినపడింది. ఆ ఒక్కసారే ఆవిడ అరవడం నేను విన్నది. ఇప్పుడే నమిలించండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి అంది.

ఆయన బీరువా మీంచి బిళ్ళలు దించాడు. రేకులోంచి తీశాడు. తీసి చెల్లెలి వైపు చెయ్యి చాపాడు. "నువ్వెయ్యి అమ్మీ. నా వల్ల కాదు."

ఆమె అందుకోబోయింది. అప్పుడు నాకు ఒక్కటే తోచింది. ఇప్పుడు ఆమె వేస్తే నేను బతుకుతాను గానీ, ఈ మనిషి ఇక ఎప్పటికీ నాకు గ్లాసెడు నీళ్ళయినా చేతికి ఇవ్వడు. కొత్త గొంతు, మాట సరిగా పెగల్లేదు. అయినా అన్నాను: "దానికియ్యకు. నువ్వే ఎయ్యి మావా."

"మళ్ళీ ఏటన్నా అయితే?"

"నీ సేత్తో ఏస్తేనే మింగుతాను. నేకపోతే మింగను."

మొండితనమే. పెళ్ళాం ప్రాణం మీదకు వస్తుంటే ఏం చేస్తాడు. వణికే చేత్తో నా నోట్లో వేశాడు. సుద్దముక్కలా ఉంది. నమిలాను. నేను నములుతున్నంతసేపూ ఆయన నా నోటి వైపే చూస్తూ ఉన్నాడు, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్న సంగతి ఆయనకు తెలియలేదు. ఆస్పత్రిలో నరానికి కాల్షియం ఇంజెక్షన్ ఎక్కించాక వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. పూర్తిగా విచ్చుకున్నాక ముందు ఆయన చెయ్యి పట్టుకున్నాను.

మిగిలిన చిన్న గ్రంథులు సరిగా పని అందుకోలేదు. అందుకని నాకు ఆ బిళ్ళ ఈ జన్మకు తప్పదన్నారు. ఎక్కువైతే ముందు వచ్చిన జబ్బు, తక్కువైతే తర్వాత వచ్చిన జబ్బు. రక్తం చూసి డాక్టరమ్మ ఎంత చెప్తే అంత. ఆయన సొంతంగా ఒక్క పలుకు కూడా ఎక్కువ వేయలేదు, తక్కువ వేయలేదు. రిటైరై ఈ సుభాష్‌పల్లి ఇంటికి మారాక టైముకు సైరన్ అక్కర్లేకపోయింది. నిద్ర లేస్తూనే అరచెయ్యి నా ముందుండేది. ఆ ఏళ్ళన్నీ నాకు దక్కాయి. మనవలను ఎత్తుకున్నాను, మా పెద్దమ్మాయి పేరు ఒక్కనాడూ మరిచిపోలేదు. కాకీమా మీద నాకు కోపం లేదు, మందుల షాపతని మీదా లేదు. డాక్టరమ్మ చల్లగా ఉండాలి. ఫోన్ చేసిన నా ఆడపడుచు చల్లగా ఉండాలి.

ఆయన సంగతి అంటారా, తెలియక వేసిన రోజున ఆయన చెయ్యి వణకలేదు. తెలిసి, భయపడి, అయినా నేనడిగానని వేశాడు చూడండి, నేను ఆ చేతికి ఋణపడి ఉన్నాను. భోజనాల దగ్గర ఆ మాట అన్నవాళ్ళు ఎవరో గానీ, ఇది వాళ్ళ దాకా వెళ్ళాలి.

"అయిపోయింది అమ్మీ. ఏటలా కళ్ళు తుడుసుకుంటన్నావు, కాగితం తడిసిపోతాది. మొదట్నుంచి ఓపాలి సదివి ఇనిపించు. మీ అన్న కావాలని తప్పు సేసినట్టు ఎక్కడన్నా ఇనిపిస్తే అక్కడ ఆగు, మార్సి సెప్తాను. ఊఁ, సదువు."