సలాంకు జవాబిచ్చే గుమ్మటం

మా మెదక్‌లో ఊరి చివర, కుల్చారం పోయే దారిన పాత గోరీల ఆవరణ ఒకటుంది. నడుమ పెద్ద గుమ్మటం, చుట్టూ దాని పిల్లల్లా చిన్న గుమ్మటాలు. పెద్దదాని గోడ ఎంత మందమంటే, ఈ వైపు తుమ్మితే ఆ వైపు చేరేసరికి జలుబు తగ్గిపోతుంది. ఎవరు కట్టించారో చెప్పే రాయి ఎప్పుడో రాలిపోయింది. దాంతో ఊళ్లో నోరున్న ప్రతివాడూ చరిత్రకారుడయ్యాడు. నేనే ఇప్పటికి నాలుగు చరిత్రలు చెప్పాను; నాలుగూ మెచ్చుకున్నారు.

పిన్ని వరసలో నేను ఖాలా అని పిలిచే మా పక్కింటామెకు మాత్రం ఒకటే చరిత్ర. పెద్ద గుమ్మటం కింద ఉన్నది తమ వంశపు పెద్దనానీ, అంటే అమ్మమ్మలకు అమ్మమ్మ, నవాబు బిడ్డకు పాలిచ్చి పెంచిన దాది. ఆ ఇంటి ఆడవాళ్లు కాన్పుకు పోయినా, కత్తికి పోయినా ముందు ఆమెకు సలాం చెప్పి, జవాబు విన్నాకే దవాఖాన గడప తొక్కుతారు. ఖాలాకు మర్నాడు కంటి ఆపరేషన్. ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోదీ ఆలస్యం చేస్తే దక్కదని డాక్టర్ చెప్పాడు. అందుకని మబ్బు కమ్మిన ఆ మధ్యాహ్నం, గోరీ మీద కప్పే పూల చాదర్ పట్టుకుని, నా స్కూటర్ మీద బయల్దేరాం.

లోపల అడుగు పెట్టగానే చల్లదనం పాదాల నుంచి మోకాళ్ల దాకా ఎక్కింది. కింద నాలుగు పలకలుగా మొదలైన గది, పైకి పోయేకొద్దీ మూలల్లో కమానులు వంగి ఎనిమిది పలకలై, చివరికి గుండ్రమై చీకట్లో కలిసిపోయింది. ఆ చీకటికి రెక్కలున్నాయి. గబ్బిలాలు, ఒక్కొక్కటీ విప్పిన గొడుగంత.

“సలాం, నానీ!” అంది ఖాలా.

“లాం... లాం... నీ...” అంది గుమ్మటం, నోట్లో నీళ్లు పోసుకున్న మనిషిలా.

“ఇన్నవా బేటా? నా పెండ్లప్పుడు గూడ గిట్లనే పలికింది.”

గోరీ మీద ఏటేటా పాత చాదర్ తియ్యకుండా కొత్తది కప్పడం వాళ్ల ఆచారం. పేరుకుని పేరుకుని అది పెండ్లికొడుకు పడుకునే పరుపంత అయింది. ఈ ఏడు వాన కారి పైవన్నీ కుళ్లాయి. “గీ వాసనల నానీ ఎట్ల పంటది? అన్ని తియ్యి,” అంది ఖాలా. తీశాను. రాయి బయటపడింది. ఆమె ప్రేమగా నిమురుతూ పోయి, నడుమ చెయ్యి ఆపేసింది. అక్కడ కలంపెట్టెలాంటి దిమ్మె పొడుచుకొచ్చి ఉంది. ఇక్కడి గోరీల లెక్కలో అది మగవాళ్లకు పెట్టే గుర్తు. ఆడవాళ్లదైతే పలకలా చదునుగా ఉంటుంది.

“యా అల్లా! మొగోడు!” ఖాలా చెయ్యి వెనక్కి లాక్కుంది. “గిన్నేండ్ల సంది మా ఇంటి ఆడోళ్లందరు పరాయి మొగోనికి పూలు కప్పినమా?”

“ఆయన అదృష్టం, ఖాలా.”

“నోర్ముయ్! జవాబిచ్చింది గూడ వీడే. నానీ ఇయ్యలే. నేను ఆపరేషన్‌కు పోను, పో!”

నా నవ్వు ఆగిపోయింది. ఖాలా పోనంటే పోదు. ఆమె చెయ్యి పట్టుకుని చుట్టు వరండాలన్నీ తిప్పాను. తాకిన ప్రతి గోరీకీ దిమ్మే. చివరికి దక్షిణం వైపు, వంగి దూరాల్సినంత పొట్టి గదిలో, చదును రాయి ఒకటి దొరికింది. మిగతా గోరీలన్నిటి మీదా గబ్బిలాల రెట్ట వేలెత్తు ఉంటే, దీని మీద దుమ్ము కూడా లేదు.

ఖాలా పూల చాదర్ పరిచింది. “సలాం, నానీ.”

ఏమీ రాలేదు. కప్పు అంత తక్కువ ఎత్తులో ఉంటే శబ్దం తిరిగి రాదని చెప్పబోయాను.

“ఆగు,” అంది. “ఇన్నేండ్లు పలకరించలే. అలిగి ఉంటది. జర టైం ఇయ్యి.”

కూర్చున్నాం. బయట వాన మొదలై ఆగిపోయింది. ఇద్దరిలో ఎవరమూ పెదవి కదపలేదు. అప్పుడు ఎవరూ లేని పెద్ద గుమ్మటంలోంచి, మెల్లగా, నోట్లో నీళ్లు లేని ఆడగొంతుతో ఒక మాట వచ్చింది. సలాం కాదు. ఖాలా చిన్ననాటి ముద్దుపేరు. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. ఖాలా “జీ, నానీ” అని పలికినప్పుడే అది ఆమె పేరని తెలిసింది.

విన్నదాన్ని పదింతలు చేసి చెప్పడం నా అలవాటు. ఇది మాత్రం ఉన్నంతే చెబుతున్నాను.

ఖాలా మోకాళ్లు పట్టుకుని లేచింది. “పా బేటా. రేపు పొద్దుగాల్నే దవాఖానకు పోవాలె. రాత్రి ఏం తినొద్దన్నరు.”

నడుమ గదిని దాటకుండా, వరండా చుట్టూ తిరిగి బయటికొచ్చాం.