పొగ రాని మందు

మా ఆయనకి తెలియని విషయం లేదు. అదే నా ఖర్మ.

అరవైల్లో రేపల్లె దగ్గర మాకు లంక పొలం ఉండేది. కంద వేస్తే చాలు, అడవి పందులు వచ్చి కుళ్ళగించి పోయేవి. వాటిని బెదరగొట్టడానికి మామగారి కాలం నాటి లైసెన్సు తుపాకి ఒకటి ఉండేది. గొట్టం మూతిలోంచి నల్లటి మందు పోసి, కొబ్బరి పీచు కూరి, కడ్డీతో దట్టించి పేల్చాలి. పేల్చాక పందులు పారిపోయాయో లేదో పొగ విడిచాక గానీ తెలిసేది కాదు.

ఒక ఏడు ఆ మందు ఎక్కడా దొరకలేదు. మిలిటరీలో పనిచేసి వచ్చిన స్నేహితుడొకాయన తెనాలిలో మా ఆయనకి నాలుగు తూటాలిచ్చాడు. ఈయన వాటిని కోసి, లోపలి మందు డబ్బాలో పోసుకుని పెళ్ళికొడుకులా బస్సు దిగారు.

"దీనికి పొగ రాదే. మిలిటరీ సరుకు," అంటూ మందు కొలిచే పాత వెదురు గొట్టంతో పాత కొలతే పోసి దట్టించారు.

"మన తుపాకికి అది పడుతుందాండి?" అన్నాను.

"మందు మందేనే. నీకేం తెలుసు?"

నాకు ఒళ్ళు మండింది. మా నాన్నగారు బాపట్లలో కాంపౌండరు. సీసా మీద చీటీ రెండుసార్లు చదవందే చుక్క వంచేవారు కారు. "మందు మందే అయితే, రేపు తలనొప్పి అన్నప్పుడు ఎలకల మందిస్తాను, మింగండి," అన్నాను.

ఆయన నవ్వి, తుపాకి బుగ్గకి ఆనించి గురి చూపించారు. ఆయన కుడికన్ను దాన్ని ఆనుకునే ఉంది. ముందు ఆ తుపాకిని బండికి కట్టి దూరం నుంచి తాడుతో లాగి పేల్చండి, లేదంటే బాపట్ల బస్సెక్కుతానని పట్టుబట్టాను. పుట్టింటి మాటెత్తితే ఆయన దిగొచ్చేవారు.

పెరట్లో బండి మీద బస్తాలు పేర్చి, భుజమెత్తున తుపాకి కట్టారు. ఇద్దరం గడ్డివామి వెనక నక్కాం, నేను చెవులు మూసుకున్నాను. "నీ పిరికితనం తగలెయ్య," అంటూ ఆయన తాడు లాగారు.

పొగ నిజంగానే రాలేదు. తుపాకీ మిగల్లేదు. ఆ నల్లటి పొగమందు కోసం చేసిన పాత ఇనుము ఈ మందు విసురుకి ఆగక, గొట్టం అరటితొక్కలా విచ్చుకుంది. పగిలిన ముక్కొకటి వెనక్కి ఎగిరి పశువుల కొట్టం గుంజలో దిగబడింది. ఆయన వెళ్ళి గుంజ పక్కన నిలబడ్డారు. ముక్క సరిగ్గా ఆయన కంటి ఎత్తున ఉంది.

అప్పటిదాకా ఆయన్ని 'మీరు' అనడం తప్ప ఎరగను. "నీకు బుద్ధుందా? నీకేమన్నా అయితే నా గతేంటి? నీకు తెలిసింది చాలు, ఇంక నోరు మూసుకో," అని ఏడుస్తూ, వీధంతా వినేలా ఏకవచనంలో దులిపేశాను.

ఆయన రెండు చెవులూ రుద్దుకుంటూ నా నోటి వంకే చూశారు. "కాస్త గట్టిగా చెప్పవే, చెవులు గింగుర్లెత్తుతున్నాయి. ఒక్క ముక్కా వినపడలేదు," అన్నారు.

కళ్ళు తుడుచుకుని, మళ్ళీ మొదటినుంచీ తిట్టాను.